సీఎస్సార్ కింద ఐదు బడులకు ఆర్వో ప్లాంట్లు: శ్రీసిటీ కంపెనీకి ప్రపోజల్ ఎట్లా రాయాలి?

ఏర్పేడు_ట్రస్టు:
మాది ఏర్పేడు మండలంలో ఐదేళ్ళ కిందట రిజిస్టరైన చిన్న ట్రస్టు. 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు) ఉన్నాయి. శ్రీసిటీ పారిశ్రామికవాడలోని ఒక విదేశీ కంపెనీ సీఎస్సార్ (కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టే ఖర్చు) కింద ఐదు ప్రభుత్వ హైస్కూళ్ళకు తాగునీటి ప్లాంట్లు పెట్టించడానికి ముందుకొచ్చింది. సీఎస్సార్-1 నంబరు (ఆ డబ్బు తీసుకునే సంస్థల రిజిస్ట్రేషన్), ప్రపోజలు అడుగుతున్నారు. మార్చి 31 లోపు అంతా ఖర్చయిపోవాలంటున్నారు. మాకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేదు, అది కావాలా? ఒక్కో బడిలో సుమారు 300 మంది పిల్లలు, ఎంత ప్లాంటు రాయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి సార్.

ఆడిటర్_రేణిగుంట:
సీఎస్సార్-1 ఆన్‌లైన్ ఫారం. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వేయాలి. ట్రస్టు పాన్, డీడు, 12ఏ, 80జీ ఆర్డర్లు, ట్రస్టీల వివరాలు, తీర్మానం పెట్టుకోండి. ట్రస్టీ డిజిటల్ సంతకంతో పాటు ప్రాక్టీసులో ఉన్న సీఏ గానీ, కంపెనీ సెక్రటరీ గానీ, కాస్ట్ అకౌంటెంట్ గానీ సర్టిఫై చేయాలి. 12ఏ, 80జీ ఆర్డర్ల గడువు తేదీ ఇప్పుడే చూడండి. చాలామందివి మూడేళ్ళ ప్రొవిజనల్‌వి, అయిపోయిన సంగతి కూడా గమనించరు. ఇంకోటి, ఇలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం ఉండాలని రూలు. రిజిస్టరై ఐదేళ్ళయితే చాలదు, పని చేసినట్టు ఆడిట్ లెక్కల్లో కనబడాలి. అది లేకపోతే కంపెనీయే వెండార్‌కు నేరుగా బిల్లు కట్టి పని చేయించుకోవచ్చు, బడులతో మాట్లాడే భాగం మీరు చూసుకోండి.

ఎఫ్‌సీఆర్‌ఏ గురించి: ఇక్కడ రిజిస్టరైన కంపెనీ, దాంట్లో విదేశీ వాటా ఎఫ్‌డీఐ (విదేశీ పెట్టుబడి) పరిమితుల్లోనే ఉంటే, 2016 సవరణ తర్వాత దాన్ని విదేశీ మూలంగా లెక్కించరు. ఆ మేరకు కంపెనీ నుంచి ఒక లెటరు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. డబ్బు బయటి దేశంలోని మాతృసంస్థ ఖాతా నుంచి నేరుగా వస్తే మాత్రం ముట్టుకోవద్దు.

రసీదులో 'కార్పస్' (ట్రస్టు మూలధనం) అన్న మాట రానీయకండి. 2021 నుంచి కార్పస్‌కు ఇచ్చింది సీఎస్సార్ ఖర్చు కింద చెల్లదు. ఈ ప్రాజెక్టుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి, దాని మీద వచ్చే వడ్డీ కూడా ఇదే పనికి వాడాలి. కొటేషన్లు జీఎస్టీతో కలిపి అడగండి, కట్టిన పన్ను మీకు క్రెడిట్‌గా తిరిగి రాదు.

కంపెనీ_వైపు:
వాళ్ళు మార్చి అని ఎందుకు తరుముతున్నారంటే, మీ ఖాతాలో వేసినంత మాత్రాన ఖర్చయినట్టు కాదు. మీరు నిజంగా వాడాలి, వాడినట్టు వాళ్ళ ఆర్థిక విభాగం పెద్ద సీఎఫ్‌వో సర్టిఫై చేయాలి. దీనికి దారి ఉంది. మొదటి నుంచే 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్టు' (ఏడాది దాటి సాగే పని) అని బోర్డు చేత ఆమోదింపజేయండి. మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ళు దొరుకుతాయి. మార్చి ఆఖరుకు మిగిలింది 30 రోజుల్లో ప్రత్యేక 'అన్‌స్పెంట్' (ఖర్చు కాని డబ్బు) ఖాతాకు మారుతుంది. ఫిబ్రవరిలో అడిగితే ఇదేం కుదరదు, బోర్డులు ఏడాది ప్లాను ఖరారు చేసేది ఎక్కువగా ఏప్రిల్, జూన్ మధ్య.

చట్టం కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇమ్మంటుంది. అందుకే ఐదూ ఏర్పేడులో కాకుండా రెండు శ్రీసిటీ పక్కనున్న వరదయ్యపాళెం, సత్యవేడు వైపు చూపిస్తే బోర్డులో తేలిగ్గా పాసవుతుంది. కంపెనీ ఏటా పెట్టాల్సింది 50 లక్షలు దాటకపోతే, అన్‌స్పెంట్ ఖాతాలో డబ్బేమీ లేకపోతే, సీఎస్సార్ కమిటీ కూడా అక్కర్లేదు, నేరుగా డైరెక్టర్లే చూస్తారు. కాబట్టి ప్రపోజలు రెండు పేజీలు మించొద్దు.

బోర్డు మీద 'ఫలానా కంపెనీ సహకారంతో' అని పేరు రాస్తే ఇబ్బంది లేదు. వాళ్ళ సరుకు ఫొటో వేయించారంటే అది ప్రకటన అవుతుంది, జీఎస్టీ మెడకు చుట్టుకుంటుంది.

నీళ్ళ_పని_పుత్తూరు:
ముందు నీళ్ళు పరీక్ష చేయించండన్నా, ఆర్వో తర్వాత. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు), హార్డ్‌నెస్, ఫ్లోరైడ్, నైట్రేట్ చూపించండి. లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాముల లోపు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, మిగతావీ హద్దులోనే ఉంటే ఆర్వో దండగ, ఫిల్టరు, క్రిములు చంపే యూవీ లైటు చాలు. చేతి మీటరు ఫ్లోరైడ్ చూపించదు, దాన్ని నమ్ముకోవద్దు.

300 మందికి తలా రెండు లీటర్లు అనుకుంటే 600 లీటర్లు. గంటకు 250 లీటర్ల ప్లాంటు రెండున్నర గంటల్లో ఇస్తుంది. వెండార్లు 500ది అంటగడతారు, అక్కర్లేదు. అసలు తిప్పలు ఇంటర్వెల్లో. లీటరు సీసా నిండి, మారడానికి 20 సెకన్లు. పది కొళాయిలుంటే పది నిమిషాల్లో 300 సీసాలు, నాలుగే పెడితే 120. ఆ పది నిమిషాల్లో ప్లాంటు చేసేది 40 లీటర్లే, కాబట్టి గంట కొట్టేసరికి 500 లీటర్ల ట్యాంకు నిండి ఉండాలి. డబ్బు ట్యాంకు మీద, కొళాయిల మీద పెట్టండి.

సగం నీళ్ళు రిజెక్టు (ఆర్వో వదిలేసే ఉప్పు నీళ్ళు) కింద పోతాయనుకుంటే బోరు నుంచి రోజుకు 1,200 లీటర్లు రావాలి. ఎండాకాలం ఆ బోరు అంత పోస్తుందా? ముందే అడగండి. రిజెక్టును మరుగుదొడ్ల ట్యాంకుకు కలపండి, చెట్లకు వద్దు, ఉప్పు పేరుకుంటుంది. ఇక్కడ ఎక్కువ ప్లాంట్లు చచ్చేది వేసవి సెలవుల తర్వాత. నెలన్నర నిలిచిన నీళ్ళకు మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్ళు వడకట్టే పొర) మీద పాకుడు పడుతుంది. సెలవుల్లో వారానికి ఒకసారి అరగంట నడిపే మనిషి పేరు ఒప్పందంలో ఉండాలి.

ఏర్పేడు_ట్రస్టు:
చాలా థాంక్స్ సార్. కరెంటు బిల్లు, మెంబ్రేన్ ఖర్చు బడే పెట్టుకుంటుందని హెడ్‌మాస్టర్లు నోటిమాటగా అంటున్నారు. అది చాలునా?

కంపెనీ_వైపు:
చాలదు. ప్లాంటు కంపెనీ పేరున ఉండకూడదు, ఎట్లాగూ బడికి అప్పగించాలి. స్టాకు రిజిస్టరులో ఎక్కించి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం, డీఈవో అనుమతి కాగితం తీసుకోండి. మూడేళ్ళ మెయింటెనెన్సు ప్రాజెక్టు ఖర్చులోనే వేయండి: కార్ట్రిడ్జిలు, ఏడాదికోసారి ఇసుక, కార్బన్ మార్చడం, మధ్యలో ఒకసారి మెంబ్రేన్. వెండార్‌కు మూడేళ్ళదీ ఒకేసారి కట్టొద్దు, రెండో సర్వీసుకు ఫోనెత్తడు. మూడు నెలలకోసారి, హెడ్‌మాస్టర్ సంతకమున్న సర్వీసు చీటీ, నీళ్ళ రీడింగు చూసి అన్‌స్పెంట్ ఖాతా నుంచి విడుదల చేయమనండి. కరెంటు ఒక్కటే బడికి వదిలేయండి, అదీ తీర్మానంలో రాయించి.