కాళ్లు కడిగిన పాస్టరు గారిని లెక్క అడగొచ్చా?

పలమనేరు కోడలు:
గుడ్ ఫ్రైడేకి ముందు రోజు, మాండీ గురువారం ఆరాధనలో మా పాస్టరు గారు పన్నెండు మంది సంఘపెద్దల కాళ్లు కడిగారు. బైబిల్లో యేసు తన శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13 చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత కమిటీలో కొత్త హాలు లెక్కలు అడిగితే దేవుని సేవకుణ్ణి ప్రశ్నిస్తారా అని కసిరారు. ఇంట్లో మా ఆయనదీ అదే ధోరణి. మీ దగ్గర ఎలా ఉంది?

మిట్టూరు పెద్దాయన:
వందనాలమ్మా. కాళ్లు కడిగినంత మాత్రాన యేసు ప్రభువు బోధకుడు కాకుండా పోలేదు, 13:13 చూడండి. భర్త భార్యకు శిరస్సని ఎఫెసీ 5:23లో ఉంది. ఇద్దరు డ్రైవర్లు స్టీరింగ్ పట్టుకుంటే బస్సు భాకరాపేట ఘాట్ దిగదు.

కొర్లగుంట:
ఆ పన్నెండు మందిలో ఆడవాళ్లున్నారా?

పలమనేరు కోడలు:
లేరు.

కొర్లగుంట:
2013లోనే సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) నంద్యాల డయోసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఈ ఆచారంలో స్త్రీలనూ చేర్చుకోవచ్చన్నారు. ఇంకా మగవాళ్ల కాళ్లేనా?

మిట్టూరు పెద్దాయన:
మాది సీఎస్ఐ కాదు, క్యాథలిక్కూ కాదు. వాక్యంలో ఉన్నట్టు చేస్తాం.

కొర్లగుంట:
వాక్యంలో యేసు తనను పట్టించిన యూదా కాళ్లు కూడా కడిగాడు. మీకు గిట్టనివాళ్ల కాళ్లు ఎప్పుడైనా కడిగారా?

గ్రీమ్స్‌పేట:
కాళ్ల దగ్గరే ఆగిపోయారు. ఆమె అడిగింది లెక్కల గురించి.

పలమనేరు కోడలు:
5:23 అందరికీ నోటికొచ్చు. 21లో ఒకరికొకరు లోబడమని ఉంది. 25లో క్రీస్తు సంఘం కోసం తన్ను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని ఉంది. మా ఆయన నాకు చెప్పకుండా మా అమ్మ పెట్టిన గాజులు కుదువ పెట్టి హాలుకు కానుకిచ్చారు. అడిగితే ఇంటి పెద్దను నేనన్నారు. ఆయన వదులుకున్నదేముంది? వడ్డీ నా కుట్టుమిషన్ డబ్బులతో కడుతున్నాను.

మిట్టూరు పెద్దాయన:
మీ ఇంటి గొడవ సంఘం మీద రుద్దొద్దు! ఒకరు లెక్క అడిగితే పదిమందికి అనుమానం పుడుతుంది. మా సంఘం అలాగే చీలింది. సగం మంది పోయి వేరే షెడ్డులో ప్రార్థన పెట్టుకున్నారు. నా సొంత తమ్ముడు ఈ రోజుకీ నాతో మాట్లాడడు. పాస్టరు దేవునికి లెక్క చెప్పుకుంటాడు, హెబ్రీ 13:17.

గ్రీమ్స్‌పేట:
అన్నా, మీ బాధ ఇప్పుడర్థమైంది. కానీ చీలింది అడిగినందుకా, చెప్పనందుకా? రెండో కొరింథీ 8లో చందా సొమ్ము పౌలు ఒక్కడే తీసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషి వెంట ఉన్నాడు. తమ మీద నింద రాకూడదని, మనుషుల దృష్టిలోనూ సరిగా ఉండాలని. అపొస్తలుల కార్యాలు 6లో విధవరాండ్రకు అన్నం సరిగా అందలేదని సణిగితే అపొస్తలులు కసరలేదు. ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు.

మిట్టూరు పెద్దాయన:
పౌలు తనంతట తానే ఆ ఏర్పాటు చేసుకున్నాడు. ఎవరూ నిలదీయలేదు.

పలమనేరు కోడలు:
నేనూ నిలదీయలేదన్నా. రసీదు పుస్తకం చూపించమన్నాను.

మిట్టూరు పెద్దాయన:
గాజుల సంగతి మీ ఆయన మీకు ముందే చెప్పాల్సింది, అది నిజం. పాస్టరు గారిని అందరి ముందు అడగడం మాత్రం నేను ఒప్పుకోను.

పలమనేరు కోడలు:
ఎవరెంత ఇచ్చారో అందరి ముందే మైకులో చదివారు కదన్నా.