గేరుబాక్సును తొలగించడమా, విప్పడమా, దించడమా?

వేళచ్చేరి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. ముందు చక్రాలకు శక్తి వెళ్లే మా పాత చిన్న కారుకు క్లచ్ ప్లేటు ఇంట్లోనే మార్చుకుందామని పూనుకున్నాను. సాయానికి వచ్చే మా బావమరిది కోసం పనుల వరుస తెలుగులో రాస్తూ మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ప్లేటు అందాలంటే ముందు గేరుబాక్సు తీయాలి; ఆ పనిని ‘ట్రాన్స్‌మిషన్‌ను తొలగించడం’ అంటే ప్రభుత్వ ఉత్తర్వులా ఉంది. ఏమనాలి?

పురసవాక్కం నుంచి:
విప్పడం అనండి. బోల్టులు విప్పితే వచ్చేదే కదా.

అంబత్తూరు నుంచి:
విప్పేది బోల్టులను. గేరుబాక్సునే విప్పారంటే బల్ల మీద పెట్టి లోపలి పళ్లచక్రాలు బయటికి తీశారని అర్థం. క్లచ్ ప్లేటుకు ఆ పని అక్కరలేదు, పెట్టెను పెట్టెగానే కిందికి తేవాలి. దానికి మెకానిక్కుల మాట ‘దించడం’. చెన్నైలో బండ్ల విడిభాగాల బజారు పుదుప్పేటలో అడిగినా తమిళంలో ‘ఇఱక్కణుం’ అనే అంటారు, దించాలని. తొలగించడమంటారా, అది ఓటర్ల జాబితాలో పేర్లకు, రోడ్డు మీది ఆక్రమణలకు సరిపోతుంది.

దించు అన్న మాటలో బరువుంది, ఆ బరువును చేతుల్లోకి తీసుకోవడమూ ఉంది. నెత్తి మీది మూటను దించుతాం, పొయ్యి మీది గుండిగను దించుతాం. చిన్న కారు గేరుబాక్సు కూడా దాదాపు 30 కిలోలు తూగుతుంది. బోల్టులన్నీ ఊడాక దాన్ని ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ ప్లేటు నడుమ దూరే కడ్డీ) మీద వేలాడనిస్తే క్లచ్ ప్లేటు నడిమి భాగం వంగిపోతుంది. కింద జాకీ ఆనించి, ముందు తిన్నగా పక్కకు జరిపి, షాఫ్టు పూర్తిగా బయటపడ్డాకే కిందికి తేవాలి.

పురసవాక్కం నుంచి:
మా కోనసీమలో కొబ్బరి దింపు అంటాం. అక్కడ కాయను ఎవరూ పట్టుకోరు, ధబేలున పడుతుంది!

అంబత్తూరు నుంచి:
నిజమే, ఒప్పుకుంటాను. కానీ దింపు జరిగేటప్పుడు చెట్టు కింద ఎవరూ వెల్లకిలా పడుకోరు కదండీ.

వేళచ్చేరి నుంచి:
మరి మిగతా పనులకు?

అంబత్తూరు నుంచి:
ఒక్క క్రియతో లాగించకండి. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి, ఎందుకంటే స్టార్టరుకు వెళ్లే లావు తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. కారును స్టాండ్ల మీద నిలపాలి; జాకీని మాత్రం నమ్ముకుని కిందికి దూరవద్దు. గేరు ఆయిలు ముందే కార్చేయాలి, లేకపోతే చక్రాలకు శక్తినిచ్చే డ్రైవ్ షాఫ్టులు లాగిన చోట నుంచి అంతా మీ మీదే కారుతుంది. గేరు కేబుళ్లు తప్పించాలి. స్టార్టరు విప్పాలి. గేరుబాక్సు వైపు మౌంటు (కారుకు పట్టి ఉంచే దిమ్మ) విప్పే ముందు ఇంజన్‌కు ఊతం ఇవ్వాలి. ‘ఊతం’ అని పెద్ద అక్షరాలతో రాయండి, ఆ వైపు మౌంటు పోతే ఇంజన్ వాలిపోతుంది.

వేళచ్చేరి నుంచి:
అయితే శీర్షిక ‘గేరుబాక్సు దించి ఎక్కించడం’. ఎక్కించాక బిగించడం అని రాయనా?

అంబత్తూరు నుంచి:
మధ్యలో ‘కూర్చోవడం’ చేర్చండి. క్లచ్ ప్లేటు సరిగ్గా నడిమికి అమరితే షాఫ్టు దానంతట అది దూరి, గేరుబాక్సు ఇంజన్‌కు ఆనుకుని కూర్చుంటుంది. సందు మిగిలిందని బోల్టులు బిగించి దగ్గరికి లాగితే పెట్టె అంచు పగులుతుంది. కూర్చోకపోతే మళ్లీ వెనక్కి జరిపి, ప్లేటు సరిచూసుకోండి.