గతకాలము మేలు: ‘ఎండమావు లట్టుల’నా, ‘ఎండమావుల వలెనె’నా?

లబ్బీపేట:
నన్నయ గారి భారతంలోని కంద పద్యం ఒకటి సగం గుర్తుండి, సగం జారిపోయి రెండు రోజులుగా వేధిస్తోంది. ‘మతిఁ దలపఁగ సంసారం/ బతిచంచల మెండమావు…’ వరకు ఖాయం. ఆ తర్వాత నా నోట ‘ఎండమావుల వలెనె సంపత్’ అని పలుకుతోంది. ‘ఎండమావు లట్టుల’ అని విన్న గుర్తు కూడా ఉంది. ఏది పాఠం?

అడగడానికి కారణముంది. ‘మ్యాడ్ మ్యాక్స్’ వరుసలోని ‘ఫ్యూరియోసా’ సినిమా మీద రాస్తున్న వ్యాసానికి ఆ పద్యం చివరి పాదం, ‘గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్’, శీర్షికగా పెట్టాలని ఉంది. 2015 నాటి ‘ఫ్యూరీ రోడ్’ ముందు 2024లో వచ్చిన ఈ భాగం నిలవలేదన్నది నా తీర్పు. శీర్షిక అతుకుతుందా?

బ్రాడీపేట:
‘లట్టుల’నే. ఇది గణాలతో తేలదు, యతితో (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జోడీతో) తేలుతుంది. రెండో పాదం విడగొట్టండి: బతిచం, చలమెం, డమావు, లట్టుల, సంపత్. స, స, జ, భ, గగ. పై పాదంలోని మూడూ కలిపి లెక్కిస్తే ఆరో గణం ‘డమావు’. జగణం, నియమం చెల్లింది. ఎనిమిదోది గురువుతో ముగిసింది. మీ ‘లవలెనె’ నలము, నాలుగు లఘువులు, కనుక గణానికి అడ్డు రాదు, అందుకే నోటికి తేడా తెలియడం లేదు. కానీ యతిస్థానం నాలుగో గణం మొదటి అక్షరం. పాదం మొదట ‘సంసారంబు + అతి’, యతి దగ్గర ‘ఎండమావులు + అట్టుల’. అకారానికి అకారం. ‘ఎండమావుల వలెనె’ అంటే అక్కడ సంధి లేదు, ఉత్త లకారం మిగిలింది.

తెనాలి:
మాస్టారూ, ‘వలెనె’ పాఠాన్ని అంత తొందరగా కొట్టెయ్యకండి. పాదం మొదట బకారం కూడా ఉంది కదా. బ-వలను ఒకటిగా చూసే అభేదయతి కవులందరూ వాడిందే.

బ్రాడీపేట:
అభేదం ఒప్పుకుంటాను. యతిస్థానంలో ఉన్నది వకారం కాదండీ, లకారం. ‘ల-వ-లె-నె’లో వకారం రెండో అక్షరం. ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) అందామా, కందానికి అది చెల్లదు.

తెనాలి:
సరే, లకారం దగ్గర ఓడిపోయాను. అయితే ఒకటి గమనించండి. యతి ఎక్కడ పడుతుందో చెవికి ముందే తెలుసు కనుక, పద్యం ఎంత వేగంగా నడిచినా వినేవాడు తడబడడు. ‘ఫ్యూరీ రోడ్’ కూర్పులో (ఎడిటింగ్‌లో) సరిగ్గా ఇదే పని జరిగింది. 120 నిమిషాల సినిమాలో దాదాపు 2,700 కోతలు. సగటున ఒక్కో ముక్క మూడు సెకన్లు కూడా లేదు. మామూలుగా అయితే కళ్లు తిరగాలి. తిరగవు, ఎందుకంటే ఛాయాగ్రాహకుడు జాన్ సీల్ చూడవలసిన వస్తువును ప్రతి ముక్కలోనూ చట్రం నడిమధ్యనే నిలిపాడు. ముక్క మారినా కన్ను వెతుక్కోనక్కర్లేదు. 480 గంటల ముడిచిత్రం లోంచి దాన్ని తీర్చింది మార్గరెట్ సిక్సెల్. లబ్బీపేట వారు రెండో సినిమాను తక్కువ చేసేముందు యతి తప్పిందా, గణం మారిందా అన్నది చూడాలి.

గవర్నరుపేట:
పాఠం తేలింది కాబట్టి అన్వయానికి వద్దాం. ‘ఎండమావు లట్టుల’ దేనికి ఉపమానం? పైనున్న ‘సంసారం బతిచంచలము’కా, కిందున్న ‘సంపత్ప్రతతు లతిక్షణికంబులు’కా? కిందదానికే అంటాను. సంసారం ఏకవచనం, ప్రతతులు (సమూహాలు) బహువచనం, ఎండమావులూ బహువచనం.

ఇంకొక మాట. మావు అంటే గుర్రమన్న అర్థం మన నిఘంటువుల్లో ఉంది. ఎండమావులంటే ఎండలో పరుగెత్తే గుర్రాలేనని నా నమ్మకం. రెంటచింతల వైపు మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద దూరంగా చూడండి, మెరుపు నిలకడగా ఉండదు, అలలుగా దౌడు తీస్తుంది. నేల దగ్గరి గాలి బాగా వేడెక్కి పలచబడుతుంది, పై గాలి కొంత చల్లగా ఉంటుంది, ఆ తేడాకు వెలుగు వంగి ఆకాశం నేల మీద కనిపిస్తుంది. గాలి కదిలినప్పుడల్లా ఆ ఆకాశమూ కదులుతుంది. సంస్కృతం మృగతృష్ణ అని దాహాన్ని పట్టుకుంది, తెలుగు పరుగును పట్టుకుంది. ‘ఫ్యూరియోసా’లో ప్రతినాయకుడు డిమెంటస్ ఎక్కే రథానికి మూడు మోటారు సైకిళ్లు కట్టి ఉంటాయి. ఎడారిలో ఆ మూడూ వస్తుంటే నాకు తోచిన మాట ఎండమావులే.

మంగళగిరి:
మావు మీద మీ ఊహ బాగుంది గానీ, నిలబడాలంటే ‘ఎండమావి’ అనే రూపాన్నీ వివరించాలి. ఇకారం ఎక్కడిది?

అసలు చిక్కు శీర్షికలో ఉంది. ‘గతకాలము మేలు’ను అందరూ పాత రోజులే బాగున్నాయన్న సామెతలా వాడుతున్నారు. అది సామెత కాదు. పాండురాజు పోయాక వ్యాసుడు తన తల్లి సత్యవతితో అన్న మాట. సంస్కృత మూలం చూడండి: ‘అతిక్రాంతసుఖాః కాలాః ప్రత్యుపస్థితదారుణాః, శ్వః శ్వః పాపీయదివసాః పృథివీ గతయౌవనా’. రేపు ఎల్లుండికన్నా నయం, భూమికి యౌవనం వెళ్లిపోయింది. నన్నయ తర్వాతి పద్యంలోనే ‘క్రూరులు విలుప్తధర్మాచారులు ధృతరాష్ట్రసుతులు’ అని పేరు పెట్టి చెప్పించాడు. అంటే ఇది రాబోయే కురుక్షేత్రం గురించి ముందే తెలిసినవాడు చేసిన హెచ్చరిక. విని సత్యవతి కోడళ్లతో అడవికి వెళ్లిపోయింది. రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి తూచే తక్కెడ కాదిది.

గవర్నరుపేట:
మూలం ఎత్తారు కనుక అడుగుతాను. ‘పృథివీ గతయౌవనా’ను నన్నయ ఎందుకు వదిలేశాడు? అంత గొప్ప మాట! దాని చోట ఎండమావులు తెచ్చాడు. నాకు తోచే దారి ఒకటుంది. మూలంలో మరుసటి శ్లోకం ‘బహుమాయాసమాకీర్ణః’ అని మొదలవుతుంది. ఆ మాయే ఎండమావి అయింది. యౌవనం పోయిన భూమి కూడా ఎండిన నేలగా ఆ మాటలోనే ఇమిడింది. నాలుగు పాదాల్లో రెండు శ్లోకాలు పట్టించాడు.

లబ్బీపేట:
‘పృథివీ గతయౌవనా’ నా వ్యాసానికి ఇంకా దగ్గర. ‘ఫ్యూరీ రోడ్’లో కథానాయిక ఫ్యూరియోసా వెతుక్కుంటూ వెళ్లిన పచ్చని చోటు అప్పటికే బురదై, కాకులు మిగిలిన నేల. ఇంకా ముందుకు, 160 రోజుల ఉప్పు మైదానం దాటి పోదామనుకున్నవాళ్లు వెనక్కి తిరిగి, తాము పారిపోయి వచ్చిన కోటకే వస్తారు. సత్యవతి విడిచి వెళ్లింది, ఈమె వెనక్కి వచ్చింది.

కానీ మంగళగిరి వారి మాటతో కొత్త సందేహం. ‘ఫ్యూరియోసా’ తర్వాత తీసిన సినిమా, కథ మాత్రం ముందుది. ఇక్కడ ‘గతకాలము’ ఏది, ‘వచ్చుకాలము’ ఏది? కథను బట్టి చూస్తే నా శీర్షిక నా తీర్పుకే ఎదురు తిరుగుతోంది.

నరసరావుపేట:
ఆలస్యంగా చేరాను. తర్వాత పుట్టి ముందు కథ చెప్పడం మనకు కొత్తా? నన్నయ ఆది, సభాపర్వాలు ముగించి అరణ్యపర్వం నడుమ ఆపాడు. తిక్కన విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు చెప్పాడు. ఎర్రన ఆ ఇద్దరి తర్వాత వచ్చి అరణ్యపర్వంలో మిగిలింది పూరించాడు. పాండవులు అడవి నుంచి క్షేమంగా బయటికి వస్తారని చదివేవాడికి ముందే తెలుసు. అయినా చదివించాలి. ‘ఫ్యూరియోసా’కు ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇదే. ఆమె చెయ్యి పోతుందని తెలుసు, కోటను ఏలే ఇమ్మార్టన్ జో ఇందులో చావడని తెలుసు. ఏమవుతుందన్న ఉత్కంఠ ఎటూ ఉండదు కనుక, ఎలా అయిందన్న దాని మీదే బరువంతా వెయ్యాలి.

అతుకు చూడండి. నన్నయ చివరి పద్యం ‘శారదరాత్రు లుజ్జ్వల లసత్తర తారక’, ఉత్పలమాల. ఎర్రన మొదటిది ‘స్ఫురదరుణాంశు రాగరుచిఁ బొంపిరివోయి’, చంపకమాల. శరద్రాత్రి ఆగిన చోట తెల్లవారింది. ‘ఫ్యూరియోసా’ చివర కూడా జో భార్యలు బండిలో దాక్కునే చోట ఆగుతుంది, ‘ఫ్యూరీ రోడ్’ ఆ బండి బయల్దేరడంతోనే ఊపందుకుంటుంది. అతుకు వరకు ఎర్రన పనితనమే.

బ్రాడీపేట:
ఎర్రన సంగతి సరే. బండ్ల మీద యుద్ధం గురించి మాట్లాడుతూ తిక్కనను పేరు చెప్పి దాటేస్తే ఎలా? ‘సింగం బాకటితో గుహాంతరమునం జేట్పాటుమై నుండి’ అని మొదలుపెట్టి, ఆకలిగొన్న సింహాన్ని గుహలోంచి బయటికి లాగి, ఏనుగుల గుంపును చూపించి, కోపం ఎక్కించి, ‘వచ్చె’ అనే క్రియను మూడో పాదం చివరి వరకు పట్టి ఉంచాడు. మూడు పాదాల వరకు వచ్చే వీరుడి పేరు కనపడదు, వేగం కనపడుతుంది. తన తాతను ‘గుంటూరివిభుని’ అని చెప్పుకున్న కవి, మా ఊరి వాళ్లం వదులుకోలేం.

తెనాలి:
క్రియను పట్టి ఉంచడం అన్నారే, ‘ఫ్యూరియోసా’లో యుద్ధబండి మీద దాడి ఘట్టం చూడండి. పావుగంట ఘట్టం, 78 రోజుల చిత్రీకరణ. బండి కింద దాక్కున్న పిల్ల ఇంజను పక్క నుంచి, ఇరుసు మీదుగా, ఒక్కో భాగం పట్టుకుంటూ పైకి వస్తుంది. బండి ఎలా పనిచేస్తుందో మనకు పాఠం చెప్పినట్టే ఉంటుంది, పోరాటమూ ఆగదు. లబ్బీపేట వారు ఈ ఘట్టాన్ని ఏ తక్కెడలో వేస్తారు?

లబ్బీపేట:
ఆ ఘట్టం గొప్పదే, ఒప్పుకుంటాను. నా అభ్యంతరం నిర్మాణం మీద. మొదటిది మూడు రోజుల కథ, ఒకే పరుగు. ఇది పదిహేనేళ్ల పైచిలుకు కథ, 148 నిమిషాలు, పేర్లు పెట్టిన ఐదు అధ్యాయాలు. ప్రధాన నటి అన్యా టేలర్ జాయ్ తెర మీదికి వచ్చేసరికి గంట గడుస్తుంది. అధ్యాయం మారినప్పుడల్లా వేగం సున్నా నుంచి మళ్లీ మొదలు. ఒకటి నమీబియా ఎడారి, రెండోది ఎక్కువగా న్యూ సౌత్ వేల్స్. ఛాయాగ్రాహకుడూ మారాడు.

నరసరావుపేట:
అంటే ఒకటి వృత్తం, రెండోది ఆశ్వాసాల కావ్యం. కావ్యాన్ని పట్టుకుని వృత్తంలా పరుగెత్తలేదని తప్పు పట్టకూడదు. తక్కెడ కావాలంటే ఎర్రన మాటే ఉంది: ‘తత్కవితారీతియుఁ గొంత దోఁప’. నన్నయ రీతి కొంత కనిపించేలా పూరించానన్నాడు. కొంతే, పూర్తిగా కాదు. తర్వాతి భాగం తీసేవాడు ఎంత పాతదనం ఉంచాలో ఆ ‘కొంత’లో ఉంది. శీర్షిక మార్చి ‘కొంత దోఁప’ అని పెట్టండి.

మంగళగిరి:
ఆ ‘కొంత’కు మీ అర్థం ఒప్పుకోలేను. అది కవి వినయం. గురువు రీతి నాకు పూర్తిగా రాదు, ఏదో కొంత వచ్చింది అని. మీరేమో దాన్ని కొలతగా, కావాలని ఎంచుకున్న పాలుగా చేస్తున్నారు.

నరసరావుపేట:
వినయమైతే ‘తద్రచనయకా’ అని వెంటనే ఎందుకంటాడు? నన్నయ రచనగానే పూరిస్తూ, నన్నయను ఆదరించిన రాజరాజు పేరనే అంకితమిస్తూ, రీతి మాత్రం ‘కొంత’ అన్నాడు. ఎక్కడ కలవాలో, ఎక్కడ విడిపోవాలో తెలిసినవాడి మాట అది.

గవర్నరుపేట:
‘దోఁప’లో అరసున్న ఉంది, ‘తోఁచు’ ధాతువు. తోచడం చదివేవాడికా, కవికా? చదివేవాడికైతే నరసరావుపేట వారిది గెలుపు, కవికైతే మంగళగిరి వారిది.

మంగళగిరి:
‘కవీంద్ర కర్ణపుటపేయముగా’, కవీంద్రుల చెవులకు ఇంపుగా, అని ఆ వరసలోనే ఉంది కదండీ. వినేవాళ్లు అక్కడ వేరుగా ఉన్నారు. ‘దోఁప’ కవికే.

బ్రాడీపేట:
కర్ణపుటాలు ఉన్నాయంటే తోచేదీ వాటికే అని కూడా అనొచ్చు. తిరుపతి దేవస్థానం వారి ప్రతి దగ్గరున్నవాళ్లు ఆ పద్యానికి తాత్పర్యంలో ‘దోఁప’కు కర్తగా ఎవరిని చెప్పారో చూసి పెట్టండి. చూసే చేత్తో ఆదిపర్వం పంచమాశ్వాసంలో ‘ఎండమావు’ దగ్గర ‘ఎండమావి’ అన్న పాఠాంతరం ఏమైనా ఇచ్చారేమో కూడా చూడండి. గవర్నరుపేట వారి గుర్రాలకు అది కావాలి.