లిఫ్ట్ చేసిన థార్‌కి ఏ బ్రేక్ హోస్‌లు వేయించాలి?

అన్నలూ, మాది రాజోలు దగ్గర. బండి పాత మహీంద్రా థార్, ఫోర్ బై ఫోర్, వెనక డ్రమ్ బ్రేకులు, ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు లాక్ కాకుండా చూసేది) లేదు. రెండంగుళాలు లిఫ్ట్ చేయించాం, అంటే సస్పెన్షన్ ఎత్తు పెంచాం. ఏటిగట్టు దిగి లంకలోకి వెళ్తుంటే ఒక వెనక చక్రం బాగా కిందకి వేలాడింది, వంగి చూస్తే ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ (గొట్టం) తీగలా బిగుసుకుపోయి ఉంది, ఫిట్టింగ్ దగ్గర సన్నటి పగుళ్లు కూడా. అది మార్చేదాకా బండి బయటికి తీయను, పిల్లలు ఎక్కే బండి.

పొడవు రబ్బరు హోస్ వేయించాలా, స్టీల్ అల్లికదా? స్టీల్‌ది ప్రెషర్‌కి ఉబ్బదు, పెడల్ గట్టిగా ఉంటుంది, నాకు అదే ఇష్టం. కానీ మాకు ఉప్పుగాలి, బురద. అల్లికలో ఇసుక చేరితే లోపలి గొట్టాన్ని కోసేస్తుందిగా, పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? పొడవు కొలవడానికి ఛాసిస్‌ని జాకీలపై లేపి చక్రాలు పూర్తిగా వేలాడదీస్తాను, అయితే లూజు ఎంత వదలాలి? ఎక్కువైతే టైరుకి రాసుకుంటుందని భయం. లేదంటే పాత సైజు హోసే కొత్తది వేసి, బ్రాకెట్ కిందకి దించితే చాలా?

భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో హోస్ మార్చి, బ్రేక్ లైన్లో గాలి పూర్తిగా తీసి ఇచ్చే నమ్మకమైన మెకానిక్ ఉంటే చెప్పండి.