అప్‌డేట్: నదిలో తొలిసారి పైక్ చేపకు గాలం వేశాను

నదిలో పైక్‌ను (పదునైన పళ్లుండే, ఇతర చేపలను వేటాడే మంచినీటి చేప) పట్టడానికి ఏ సరంజామా కావాలి, ఎక్కడ గాలం వేయాలి అని ఇదివరకు అడిగాను. మీ సలహాలతో నిన్న వెళ్లి, ఒక చేపను పట్టి వదిలి వచ్చాను.

అన్నిటికన్నా మేలు చేసినది దారం చివర ఉక్కు తీగ కట్టమన్న మాట. చేప ఒడ్డుకు చేరాక చూస్తే, సుమారు 45 సెంటీమీటర్ల ఆ తీగ మీద సన్నని పంటి గీతలు కనిపించాయి. నైలాన్ దారమే అయితే తెగిపోయి, గాలం దాని నోట్లోనే మిగిలిపోయేది.

పైక్ పొంచి ఉండి దూకే చేప కనుక, నడి ప్రవాహాన్ని వదిలి, ఒడ్డు వంపులో నీరు నెమ్మదించే చోట, రెల్లు అంచున, చచ్చిన చేపను ఎరగా బెండు కింద వదిలాను. బెండు రెండుసార్లు వణికి పక్కకు జరగగానే రాడ్ ఎత్తాను. ఆలస్యం చేస్తే ఎరను మింగేస్తుందని మీరు హెచ్చరించారు. గాలం దవడ మూలనే గుచ్చుకుంది.

తడిపిన మెత్తని చాప మీద పడుకోబెట్టి, ఎర్రని మొప్పలకు తగలకుండా వాటి మూత కింద దవడ వెంట వేళ్లు జొనిపి, పొడవాటి పటకారుతో గాలం తీశాను. నీళ్లలో పొట్ట కిందికి ఉండేలా పట్టుకుంటే, కాసేపటికి తోక ఊపి తానే వెళ్లిపోయింది. కొన దగ్గరి ఎదురు ముల్లును ముందే నొక్కేసిన గాలం కావడంతో ఒక్క మెలికకే ఊడివచ్చింది.