ఐరిష్ కాఫీలో క్రీమ్ తేలడం లేదు, మునిగిపోతోంది

మెహిదీపట్నం_మగ్గు:
పైన పోసిన క్రీమ్ అర నిమిషంలో కిందకి జారిపోయి, గ్లాసంతా పాలకాఫీ రంగు వచ్చేస్తోంది. వేసేవి: ఐరిష్ విస్కీ 45 మి.లీ., చికోరీ కలిసిన పొడితో ఫిల్టర్ కాఫీ 120 మి.లీ. చక్కెర వేయను. క్రీమ్ కిరాణా కొట్లో దొరికే 25 శాతం కొవ్వు డబ్బా, చెంచా మీదుగా నేరుగా పోస్తున్నా. తప్పెక్కడుందండీ?

డికాక్షన్_డైరీ:
రెండు చోట్ల ఉందండీ. మొదటిది చక్కెర. అది తీపి కోసమే అనుకుంటాం గానీ, క్రీమ్‌ని మోసేది కూడా అదే. విస్కీ కలిస్తే కాఫీ పలచబడి తేలికవుతుంది, చక్కెర కరిగితే మళ్లీ బరువెక్కుతుంది. రెండు చెంచాల బ్రౌన్ షుగర్ వేసి, గ్లాసు అడుగున ఒక్క పలుకు కూడా మిగలకుండా కలపండి. విస్కీ ఆ తర్వాతే.

రెండోది క్రీమ్. 25 శాతం డబ్బా కూరల్లోకి బాగుంటుంది, దీనికి చాలదు. ఎంత గిలక్కొట్టినా అందులో గాలి నిలవదు. బేకరీ సామాన్ల కొట్లో 35 శాతం పాల క్రీమ్ అడగండి. పక్కనే వనస్పతి నూనెతో చేసిన తీపి టాపింగ్ ఉంటుంది, అది వద్దు. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో బ్యూనా విస్టా కేఫ్ వాళ్లకీ ఇదే తిప్పలు. క్రీమ్‌ని 48 గంటలు నిల్వ ఉంచి, నురగ వచ్చేలా కొట్టాకే తేలింది.

చల్లని_సీసా:
గిలక్కొట్టడంలోనే అందరూ తప్పుతారు. మూత గట్టిగా ఉండే చిన్న గాజు సీసాని గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టి, 60 మి.లీ. క్రీమ్ పోసి ఊపండి. మొదట నీళ్లలా గలగలమంటుంది. పాతిక ముప్పై సెకన్లకి ఆ చప్పుడు మందగించి మెత్తగా దబ్ దబ్ అంటుంది. అక్కడే ఆపేయాలి. జారుడు దోసెపిండిలా ఉండాలి: చెంచాతో గీత గీస్తే రెండు మూడు సెకన్లలో పూడిపోవాలి. ఇంకా ఊపితే ముద్దవుతుంది, కాఫీ దాని కిందనుంచి పెదవికి అందదు.

మే నెలలో మన వంటింటి వేడికి కొట్టిన క్రీమ్ చూస్తుండగానే పలచబడుతుంది. కాఫీ కలిపాకే సీసా బయటికి తీయండి. చెంచా బోర్లించి, కాఫీకి తగిలీ తగలనట్టు పట్టుకుని, దాని వీపు మీదుగా వేలు మందం పోయండి. ఆ తర్వాత కలపకూడదు. చల్లటి క్రీమ్ లోంచి వేడి కాఫీ రావడమే దీని రుచంతా.

డికాక్షన్_డైరీ:
కాఫీ సంగతి మర్చిపోయా. చికోరీ చేదు విస్కీని మింగేస్తుంది. చికోరీ లేని పొడి, అరకు అరబికా అయితే మరీ మంచిది. చిక్కటి డికాక్షన్ 50, వేడినీళ్లు 70 మి.లీ. మరుగుతున్నవి పోయొద్దు. 80–85 డిగ్రీలు చాలు, లేదంటే మద్యం ఘాటు ముక్కుకి కొడుతుంది. మందపాటి గ్లాసుని ముందే వేడినీళ్లతో తొలిపి పెట్టుకోండి. చల్లటి గ్లాసు పగలొచ్చు.

మెహిదీపట్నం_మగ్గు:
ధన్యవాదాలండీ. గేదెపాల మీగడ పనికొస్తుందా?

చల్లని_సీసా:
రాదండీ. కాచిన పాల మీద కట్టిన మీగడ తరకలు తరకలుగా ఉంటుంది, ధారగా జారదు. ఊపితే వెన్న పూసలు తేలి, కాఫీ మీద నూనె చుక్కలు మిగులుతాయి.