సముద్రంలో గాలిమరలు: పాత బెర్తు చాలదా?

రేవుబాబు: గుజరాత్, తమిళనాడు తీరాల దగ్గర సముద్రంలో గాలిమరల పథకానికి కేంద్రం 2024 జూన్‌లో ₹7,453 కోట్లు ఆమోదించింది. అందులో రెండు రేవులకు 600 కోట్లు. ఉన్న బెర్తును (ఓడ ఆగి సరుకు ఎక్కించుకునే గట్టును) బలపరిస్తే సరిపోతుందా, కొత్తది కట్టాలా? విశాఖను ఎందుకు వదిలేశారు?

పైల్స్ సుబ్బు: ఇరవై ఏళ్లుగా జెట్టీలు కడుతున్నాను, నా మాట వినండి. మామూలు బెర్తు చదరపు మీటరుకు నాలుగైదు టన్నులు మోస్తే గొప్ప. నాసెల్ (స్తంభం పైన జనరేటరు ఉండే పెట్టె) ఒక్కటే వందల టన్నులు, దాన్ని ఎత్తే క్రేన్ బరువు అదనం. పైన కాంక్రీటు పోస్తే కింది పైల్స్‌కు, అంటే నేలలోకి దించిన స్తంభాలకు, బలం వస్తుందా?

మలుపుల మస్తాన్: బెర్తు సంగతి తరువాత. ముందు బ్లేడు (గాలిమర రెక్క) అక్కడికి చేరాలి కదా! ట్రైలర్ మీద తెస్తుంటే ఒక మలుపు దగ్గర టీకొట్టు రేకులు విప్పి, బ్లేడు దాటాక మళ్లీ మేమే బిగించాము. రెండు మేకులు తక్కువయ్యాయి. ఆ ఖర్చు యజమాని నా జీతంలోనే కోశాడు.

పైల్స్ సుబ్బు: అవి నేల మీది మరల బ్లేడ్లు. సముద్రానివి నూరు మీటర్లు దాటుతాయి, రోడ్డెక్కవు. ఫ్యాక్టరీయే రేవు పక్కన ఉండాలి.

మలుపుల మస్తాన్: అంటే మా పొట్ట కొడతారన్నమాట.

ఉక్కునగరం: మళ్లీ తమిళనాడు, గుజరాత్‌లకే! మాకు సముద్రం లేదా?

ఎస్బెర్గ్ తెలుగువాడు: సముద్రం ఉంది, అంత గాలి లేదు. ఇక్కడ డెన్మార్క్‌లో ఎస్బెర్గ్ ఒకప్పుడు చేపల రేవు, తరువాత చమురుకు, 2002లో సముద్రంలో కట్టిన హార్న్స్ రెవ్ గాలిమరల క్షేత్రం నుంచి గాలిమరలకు మారింది. మరలను నిలబెట్టే జాకప్ ఓడ బెర్తు పక్కన సముద్రం అడుగు మీద కాళ్లు దించి నిలబడుతుంది. అడుగు మెత్తనైతే కాలు దిగబడుతుంది. సుబ్బుగారు దాని ఊసే ఎత్తలేదు.

పైల్స్ సుబ్బు: రాళ్లు పరిస్తే సరి. ఇదీ ఒక సమస్యేనా?

ఎస్బెర్గ్ తెలుగువాడు: కాలు దిగినప్పుడు మట్టి పక్కకు జరిగి మీ పైల్స్‌నే నెడుతుంది. లెక్క వేశారా?

పైల్స్ సుబ్బు: నాకు పాఠాలు చెప్పకండి. మీరు కట్టిన జెట్టీ ఒక్కటి చూపించండి.

కాకినాడ వలలు: చేపల రేవు మారిందని ఎంత తేలికగా అన్నారండీ! ఆ పడవలు ఎక్కడికి వెళ్లాయి?

ఉక్కునగరం: గాలి లేదంటున్నారు. హుద్‌హుద్ నాడు మా ఇంటి పైకప్పు ఎలా లేచిందంటారు?

రేవుబాబు: సుబ్బుగారూ, పైల్స్‌కు ఎంత లోతు కావాలి?